పాత రేవులను పీకే ముందు నీటి అడుగున చూడండి

సంపాదకులకు,

సరస్సుల్లో తిరిగిన పాత పడవలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. విహార పడవల గురించి వివరంగా చెప్పిన ఆ వ్యాసం, దుంగలూ రాళ్లూ మోసి రేవులు కట్టిన పనిపడవలను ఒక్క వాక్యంతో దాటవేసింది. వయసులో ఉన్నప్పుడు రేవులు కట్టే ముఠాలో పనిచేసినవాడిగా ఆ లోటు పూడ్చాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మా చెక్కపడవకు అడుగు బల్లపరుపుగా ఉండేది. దాని ముందు భాగాన రెండు నిలువు దూలాలు, వాటి మధ్య జారే ఇనుప గుండు ఉండేవి. నాటవలసిన దుంగకు మొన చెక్కి, తల పగలకుండా ఇనుప పట్టీ తొడిగి, నీటిలో నిలబెట్టి, గుండును కప్పీ మీదుగా మోకుతో పైకి లాగి వదిలేవాళ్లం. మొదట్లో దెబ్బకు జానెడు దిగిన దుంగ, గట్టినేల తగిలాక అంగుళం దిగడానికీ మొరాయించేది. మేస్త్రీ దుంగ మీది సుద్దగీతను చూస్తూ, మోతలో తేడా వినిపించగానే చెయ్యెత్తి ఆపించేవాడు. అడుగున బండ ఉన్న చోట దూలాలను పెట్టెలా పేర్చి, రాళ్లు నింపి ముంచేవాళ్లం.

చాలాకాలం ఒడ్డున ఎండిన చెక్కపడవ నీటిలో దించగానే కారుతుంది. పలకలు నీరు పీల్చి ఉబ్బితే సందులు చాలావరకు పూడుకుంటాయి. ఆ సంగతి తెలియనివారు పడవ పని అయిపోయిందని తీర్మానించేవారు. పాత రేవుల విషయంలో ఇప్పుడు జరుగుతున్నదీ అలాంటి తొందరపాటే.

దుంగ తల కుళ్లింది కనుక మొత్తం పనికిరాదనడం సరికాదు. తడీ పొడీ మారుతూ ఉండే నీటిమట్టం దగ్గరే కలప త్వరగా చెడుతుంది. ఎప్పుడూ మునిగి ఉన్న భాగానికి గాలి అందదు కాబట్టి కుళ్లు తెచ్చే బూజు అక్కడ పెరగలేదు. సముద్రపు రేవులను తొలిచే ఓడపురుగు బెడద కూడా మంచినీటి సరస్సుల్లో ఉండదు. ఆల్ప్స్ పర్వత ప్రాంతపు సరస్సుల్లో వేల ఏళ్ల నాటి ఇళ్ల గుంజలు నేటికీ మిగిలి ఉన్నాయి. అలాంటి 111 స్థలాలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పెద్ద పడవలు ఒరుసుకునే చోట ఉక్కు, కాంక్రీటు తప్పవు, కాదనను. మిగతా చోట్ల మాత్రం ముందు ఈతగాణ్ని దించి, దుంగలను నీటి అడుగున మేకుతో పొడిచి చూడాలి. గట్టిగా ఉన్నవాటికి కుళ్లిన తల కోసేసి కొత్త ముక్క అతికితే సరిపోతుంది. ఆ అతుకు వేయడం తెలిసిన పనివాళ్లు ఇంకా కొందరున్నారు. మీ విలేకరులు వారితో మాట్లాడి, పనితీరును బొమ్మలతో సహా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒకనాటి రేవు పనివాడు