విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి: చైనాతో కుదిరినదేమిటో సభకు చెప్పండి

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి డాక్టర్ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం. 2009 నుంచి 2013 దాకా మీరు బీజింగ్‌లో మన రాయబారిగా ఉన్నారు. షీ జిన్‌పింగ్ పార్టీ పగ్గాలు అందుకోవడాన్ని దగ్గరుండి చూశారు. చైనా గురించి మీకు పాఠం చెప్పే సాహసం నేను చేయను. మీకు తెలిసినదాంట్లో కొంతైనా మాకు చెప్పమని అడగడానికే ఈ లేఖ.

షీ 2013 మార్చిలో దేశాధ్యక్షుడయ్యారు. ఏప్రిల్‌లోనే ఆయన సైనికులు మన లద్దాఖ్‌లోని దెప్సాంగ్‌లో గుడారాలు వేశారు. 2014 సెప్టెంబరులో మన ప్రధానితో కలిసి ఆయన సబర్మతి ఒడ్డున ఊయల ఊగుతున్న రోజుల్లోనే లద్దాఖ్‌లోని చుమార్‌లో ఇరుపక్షాల సైనికులు ఎదురెదురుగా మోహరించి ఉన్నారు. 2018లో చైనాలోని వుహాన్‌లో ఇద్దరు నాయకుల ముచ్చట్లు, 2019 అక్టోబరులో మామల్లపురం విందు. ఆ తర్వాత ఎనిమిది నెలలకు గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వారిలో మా సూర్యాపేట బిడ్డ, 16వ బిహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారి కల్నల్ సంతోష్ బాబు ఒకరు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకులు పేల్చరాదని 1996 ఒప్పందం చెబుతోంది. ఆ రాత్రి ఎవరూ పేల్చలేదు; మేకులు దిగ్గొట్టిన కర్రలు, రాళ్లు సరిపోయాయి. తమవైపు నలుగురు చనిపోయారని ఒప్పుకోవడానికి చైనాకు 2021 ఫిబ్రవరి దాకా పట్టింది.

అలాంటి దేశంలో మనం మాట్లాడుతున్నది ఎవరితో? 2018లో అధ్యక్ష పదవికి ఉన్న రెండు దఫాల పరిమితిని తీసేశాక అక్కడ నిర్ణయమంటే షీ నిర్ణయమే. 2023 ఏప్రిల్‌లో రక్షణ మంత్రి లీ షాంగ్‌ఫు ఢిల్లీ వచ్చి రాజ్‌నాథ్ సింగ్ గారితో చర్చలు జరిపారు. అక్టోబరుకల్లా ఆయన పదవి పోయింది, మరుసటి ఏడాది పార్టీ నుంచే వెలివేశారు. 2023 మేలో గోవాలో మిమ్మల్ని కలిసిన విదేశాంగ మంత్రి ఛిన్ గాంగ్ జూన్ చివర్లో కంటికి కనబడకుండా పోయారు, జూలైలో పదవీ పోయింది. కారణం ఇప్పటికీ అధికారికంగా చెప్పలేదు. (మీ వృత్తిలో ఇంతకంటే విచిత్రమైన అనుభవం ఉండదనుకుంటాను.) మంత్రులే రాత్రికి రాత్రి మాయమయ్యే చోట వాళ్లిచ్చిన హామీలకు పూచీ ఎవరు? షీ మనసు మారితే మన చేతిలో మిగిలేదేమిటి?

అందుకే సరిహద్దు గస్తీపై చైనాతో 2024 అక్టోబరులో కుదిరిన అవగాహన గురించి అడుగుతున్నాను. దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ మళ్లీ మొదలైందన్నారు, సంతోషం. రష్యాలోని కజాన్‌లో, ఆపై 2025 ఆగస్టులో చైనాలోని తియాంజిన్‌లో నాయకులు కలిశారు. కైలాస మానససరోవర యాత్ర, నేరుగా విమానాలు తిరిగి వచ్చాయి. కానీ ఆ అవగాహన పాఠాన్ని ప్రజల ముందు పెట్టలేదు. 2024 డిసెంబరు 3న మీరు లోక్‌సభలో చేసిన ప్రకటనలో, ఘర్షణ జరిగిన మరికొన్ని చోట్ల తాత్కాలికమైన, పరిమితమైన ఏర్పాట్లు చేసుకున్నామన్నారు. గల్వాన్, పాంగాంగ్, గోగ్రా, హాట్ స్ప్రింగ్స్ వద్ద ఇరుపక్షాలూ అడుగు పెట్టని ప్రాంతాలు ఏర్పడ్డాయి. తాత్కాలికం అంటే ఎన్నేళ్లు? 2020 ఏప్రిల్‌కు ముందు మనవాళ్లు నడిచిన దారుల్లో ఇప్పుడు ఎన్నింటిలో నడుస్తున్నారు?

దేశ భద్రత అంటారని తెలుసు. 1959లో నెహ్రూ ప్రభుత్వం చైనాతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలను శ్వేతపత్రంగా అచ్చువేసి పార్లమెంటుకు ఇచ్చింది, తర్వాత మరికొన్ని సంపుటాలు తెచ్చింది. 1962 నవంబరులో యుద్ధం నడుస్తుండగానే సభ కూర్చుంది, సభ్యులు ప్రభుత్వాన్ని నిలదీశారు. అరవై ఏళ్ల తర్వాత, యుద్ధమే లేని రోజుల్లో, ఒక ప్రకటనతో సరిపెట్టుకోవడం ఏమి న్యాయం? శత్రువుకు ఎలాగూ తెలిసిన విషయాన్ని సొంత పౌరుడికి దాచడం వల్ల లాభపడేదెవరో నాకు అర్థం కాదు.

2023లో ఒక ముఖాముఖిలో మీరు, వాళ్లది పెద్ద ఆర్థిక వ్యవస్థ, చిన్నవాళ్లం వెళ్లి గొడవ పెట్టుకోవాలా అన్న అర్థంలో మాట్లాడారు. నిజాయితీ గల మాటే. అయితే ఆ చిన్నతనం ఏటేటా పెరుగుతోంది. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు సుమారు 9,900 కోట్ల డాలర్లు. దాని బరువు హైదరాబాద్ చుట్టుపక్కల మందుల మూలపదార్థాలు చేసే బల్క్ డ్రగ్ కంపెనీలకు బాగా తెలుసు. ముడిసరుకు ధర చైనాలో కదిలితే ఇక్కడ మాత్ర ధర కదులుతుంది. ఒకప్పుడు మనమే చేసుకున్న పెన్సిలిన్ జి (యాంటీబయాటిక్ మందుల మూలపదార్థం) తయారీ, చైనా చవక సరుకు ధాటికి మూతబడి, ఇటీవలే కాకినాడ వద్ద మళ్లీ మొదలైంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలకు బదులుగా చైనా అరుదైన లోహాల అయస్కాంతాలకు అనుమతులు బిగిస్తే, ఆ తగాదాతో సంబంధం లేని మన వాహన కర్మాగారాలు కూడా ఇబ్బంది పడ్డాయి. బ్రహ్మపుత్ర నీటి సమాచార ఒప్పందం గడువు 2023లో ముగిసింది. 2025 జూలైలో ఎగువన భారీ ఆనకట్ట పనులు మొదలయ్యాయి.

చైనాతో మాట్లాడవద్దని నేను అనను, మాట్లాడాల్సిందే. వచ్చే సమావేశాల్లో సరిహద్దుపై, దిగుమతులపై, బ్రహ్మపుత్రపై ఒక శ్వేతపత్రం సభ ముందు పెట్టండి, పూర్తి చర్చకు ఒక రోజు కేటాయించండి. సైనిక రహస్యాలున్న పుటలను పక్కన పెట్టి మిగతావి ఇచ్చినా చాలు.

ఇట్లు,
సూర్యాపేట జిల్లా వాసి