నీలి దీపం సంగతి చెప్పేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

సంక్రాంతి వస్తే హైదరాబాద్–విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులు టీవీల్లో చూస్తాం. అర్ధరాత్రి దాటాక ఆ కార్లు ఎట్లా పోతాయో మాత్రం ఎదురుగా నడిపేవాడికే తెలుసు. నేను ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాణ్ని.

పోయిన నెల మా మనవడి కార్లో సూర్యాపేట నుంచి నందిగామకు రాత్రిపూట వెళ్లాను. మీటర్ల మధ్య నీలి దీపం వెలుగుతోంది. ఏంటిదని అడిగితే, ‘‘అది ఎప్పుడూ వెలుగుతనే ఉంటది తాతా’’ అన్నాడు. ఆ దీపం వెలిగిందంటే హెడ్‌లైట్లు హైబీమ్ మీద, అంటే దూరానికి ఎత్తుగా కొడుతున్నట్టు. కారు కొన్న నాలుగు నెలల నుంచీ అలాగే తిరుగుతున్నాడన్నమాట! లైసెన్సు టెస్టులో మాత్రం హెచ్ ఆకారపు ట్రాకులో ఎక్కడా తగలకుండా రివర్సు తీశాడట. అదీ పొద్దున పది గంటలకు. స్టీరింగ్ పక్కనున్న కాడను ముందుకు తోస్తే ఏమవుతుందో, వెనక్కి లాగితే ఏమవుతుందో డ్రైవింగ్ స్కూల్లో నేర్పలేదు, టెస్టులో అడగలేదు.

మా తరం బళ్లలో లైటును కిందికి దించే (డిప్ చేసే) డిప్పర్ మీట క్లచ్ పక్కన నేలమీద ఉండేది, ఎడమ కాలితో తొక్కేవాళ్లం. హెడ్‌లైట్ల పైసగానికి నల్లరంగు పూసేవారు. ఆ రంగు పోయింది, వెలుతురు పెరిగింది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదుటి వెలుగుకు మూడు సెకన్లు కళ్లు చెదిరితే 66 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. ఆ దూరంలో వెనక లైటు లేని ట్రాక్టరు ఉండొచ్చు, టైరు పేలి వెనకాల చెట్టుకొమ్మ పెట్టుకుని ఆగిన లారీ ఉండొచ్చు. హైవే మీద డివైడర్‌లో గన్నేరు గుబురుగా ఉన్నచోట కొంత నయం. డివైడరే లేని మా ఊరి దారుల్లో ఆ ఆసరా కూడా లేదు.

ఇంకో సంగతి. పండగ నుంచి తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు. తోక దిగి బండి ముక్కు లేస్తుంది. అప్పుడు దగ్గరి రోడ్డు మీద పడాల్సిన లోబీమ్ కూడా ఎదుటివాడి కళ్లలోనే పడుతుంది. చాలా కార్లలో స్టీరింగ్ దగ్గర సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం అందుకే ఉంది. బరువు పెరిగితే అంకె పెంచాలి, లైటు కిందికి దిగుతుంది. దాన్ని ముట్టుకున్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు. ఇక హాలోజన్ బల్బు తీసి తెల్లటి ఎల్ఈడీ బిగించేవాళ్లకు దండం. హెడ్‌లైటులో బల్బు చుట్టూ ఉండే డూమ్ పాత బల్బుకు తగ్గట్టు చేసింది. అందులో ఇది పెడితే వెలుగు చెల్లాచెదరై పైకి కొడుతుంది, డిప్ చేసినా లాభం ఉండదు.

మంచులో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోయేవాళ్లకూ ఒక మాట. అవి ఆగిపోయిన బండికి. వాటిని వేసుకుని నడిపితే, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి చాలా కార్లలో తెలియదు.

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. హెచ్ ట్రాకు ఎక్కించే ముందు అభ్యర్థిని సీట్లో కూర్చోబెట్టి, డిప్ చెయ్యమనండి, నీలి దీపం అర్థం అడగండి, ఆ చిన్న చక్రం చూపించమనండి. రెండు నిమిషాల పని. చెప్పలేనివాణ్ని ఆ రోజుకు తిప్పి పంపండి.

– ఒక రిటైర్డ్ డ్రైవర్, సూర్యాపేట