డప్పు కాచుకోవడానికి కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఉగాదికి బెంగళూరులో మేముండే వైపు ఒక తెలుగు సంఘం సంబరాలు చేసింది. ఏసీ హాలు, పెద్ద తెర. పాటలన్నీ ట్రాక్ మీదే నడిచాయి. పాడేవాళ్లు ఫోనులో సాహిత్యం చూసుకుంటుంటే వినేవాళ్లు తమ ఫోన్లు చూసుకుంటున్నారు. అనంతపురం జిల్లా నుంచి పిలిపించిన డప్పు బృందానికి చివర్లో పది నిమిషాలు మిగిల్చారు. అప్పటికి ఏసీ చలికి తోళ్లు సడలిపోయాయి. "కాచకపోతే పలకదు సార్" అన్నాడు వారిలో పెద్దాయన. హాలులో మంట కుదరదన్నారు. అది న్యాయమే.

వాళ్లు వెనుక పార్కింగ్ స్థలంలోకి వెళ్లి ఎండు కొబ్బరాకులతో మంట వేశారు. డప్పును సెగకు తిప్పుతూ, మధ్యమధ్య చిటికెన పుల్లతో తట్టి చెవి ఒగ్గి వినేవారు. మొదట బొదబొదమన్న తోలు కాసేపటికి ఖంగుమంది. భోజనాల వరుసలో నిలబడ్డవాళ్లు ప్లేట్లతో సహా అటు నడిచారు. ఇక హాలులోకి ఎవరూ పోలేదు. పది నిమిషాల ఆట గంట దాటింది. ఇంట్లో తెలుగులో బదులు చెప్పడానికి మొరాయించే మా అమ్మాయి వాళ్ల వెనుక చేరి అడుగులు నేర్చుకుంది. పన్నెండేళ్ల కిందట మా నాన్నను సాగనంపిన రోజున ఇలాంటి దరువే మోగింది. ఆనాడు పనుల హడావుడిలో రాని ఏడుపు నాకు ఆ కార్ల మధ్య వచ్చింది.

అలాంటి దరువులు నా ఫోనులోనూ ఉన్నాయి. ఎన్నిసార్లు విన్నా అలా కాలేదు. ఎదుట ఉన్న కళాకారుడు మన ముఖం చూస్తాడు, మనం ఊగితే దరువు పెంచుతాడు, అలసిపోతే నిదానిస్తాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ట్రాక్‌లో ఎక్కడుంది?

పాత పాట ఎదుట నిలిచి కొత్తవాళ్లను కదిలించడం ఈ నగరానికి కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దపు కన్నడ సాధుకవి శిశునాళ షరీఫ్ తత్వాలను ఇప్పటి గాయకుడు రఘు దీక్షిత్ బృందం గిటారుతో పాడితే, కన్నడ రాని కుర్రవాళ్లు కూడా గొంతు కలుపుతారు. మనకేం తక్కువ? కర్ణాటకలోనే, చింతామణి తాలూకాలోని కైవారంలో యోగి నారాయణ తాతయ్య తెలుగులో తత్వాలు చెప్పారు. ఏటా గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. ఇంత దగ్గరున్న ఆ తత్వాలను బెంగళూరులో గిటార్లు పట్టిన తెలుగు పిల్లల్లో ఎందరు విన్నారు? వినిపించే చోటు మనం చూపించామా?

కబ్బన్ పార్కులో బ్రిటిష్ వారి కాలం నాటి బ్యాండ్ స్టాండ్, అంటే వాద్య బృందాలు వాయించే మండపం, ఉంది. లాల్‌బాగ్‌లోనూ ఒకటుంది. కర్ణాటక ఉద్యానవన శాఖ నెలకు ఒక ఆదివారం సాయంత్రమైనా వాటిని జానపదులకు, సొంత పాటలు కట్టుకునే చిన్న బృందాలకు ఇవ్వాలి. కన్నడం, తెలుగు, తమిళం, దక్కనీ ఉర్దూ, అన్నీ వినపడనివ్వండి. మైకు లేకుండానే డప్పు ఆ చెట్ల చివరిదాకా వినిపిస్తుంది, కాచుకోవడానికి బొగ్గుల కుంపటి ఒక్కటి చాలు. చీకటి పడక ముందే ముగించుకుంటే పక్షులకూ ఇబ్బంది ఉండదు.

మన సంఘాలకూ ఒక మాట. తెరకూ లైట్లకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి పాడేవారికి ఇవ్వండి. శాలువా, జ్ఞాపిక బస్సు టిక్కెట్టుకు పనికిరావు. ఒప్పుకున్న సొమ్ము, దారి ఖర్చు, ఒక పూట మంచి భోజనం, రాత్రి పడుకోవడానికి చోటు వారు బయలుదేరేలోపే ఖాయం చేయాలి.

వచ్చే ఉగాదిని ఆరుబయట పెట్టండి. కుర్చీలు మోయడానికి నేనూ మా అమ్మాయీ వస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, బెంగళూరు