మేకు కొట్టకుండా అల్మరా

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సగం మీ ఓనరుగారిని తిట్టడానికే సరిపోయింది, మేకు కొట్టకుండా బట్టలెలా సర్దుకోవాలన్న అసలు సంగతి చివర్లో చెప్పావు. గోడకి మేకు కొడితే అడ్వాన్సులో కోత పెడతానన్నాడని అంత ఫీలవ్వకు. కొట్టినా కొట్టకపోయినా ఖాళీ చేసే రోజున పెయింటింగ్ ఖర్చులంటూ ఎంతో కొంత పట్టుకునేవాళ్లే ఎక్కువ. చేరినరోజే గోడలన్నీ ఫోటోలు తీసి ఆయనకే వాట్సాప్‌లో పంపేయ్, తర్వాత మాటా మాటా రాదు. నీ అగ్రిమెంటు కూడా అందరిలాగే 11 నెలలకే రాసుంటారు. అందుకని ఏది కొన్నా రేపు ఆటో ట్రాలీలో నీతో పాటు వచ్చేదే కొను. గోడకి అతికేది ఓనరుకి మిగులుతుంది.

ఫోటో చూశాను. పాత చిక్కడపల్లి ఇల్లు అనిపించుకుంది! గోడలో ఖాళీ వదిలి అడ్డంగా కడప బండలు పెట్టేసి అల్మరా అన్నారు. తలుపుల్లేవు, హ్యాంగర్ తగిలించడానికి రాడ్డు లేదు. బండకీ బండకీ మధ్య అడుగున్నర కూడా ఉన్నట్టు లేదు. నువ్వేమో స్ప్రింగు రాడ్డు కొని చొక్కాలు వేలాడదీస్తానంటున్నావు. హ్యాంగర్‌కి వేసిన చొక్కా మూడడుగుల దాకా దిగుతుంది, మరి ఆ గూట్లో ఎక్కడ పడుతుందిరా? చొక్కాలకీ చెల్లెమ్మ డ్రెస్సులకీ విడిగా పైపుల హ్యాంగర్ స్టాండు కావాల్సిందే. అది దాని కాళ్ల మీదే నిలబడుతుంది, గోడతో పనిలేదు.

అలాగని స్ప్రింగు రాడ్డు మానేయమనడం లేదు. పాపాయి గౌన్లు అడుగు పొడవు కూడా ఉండవు కదా, అవి ఆ గూట్లో హాయిగా వేలాడతాయి. రెండో రాడ్డు అల్మరా ముందు పైన బిగించి, చెల్లెమ్మ పాత నూలుచీర ఒకటి కర్టెన్‌గా వేసెయ్. తలుపుల్లేవన్న బాధ పోతుంది, దుమ్మూ తగ్గుతుంది. లోపల స్ప్రింగు ఉండి, రెండు చివర్ల రబ్బరు బిళ్లలు గోడల్ని నొక్కి పట్టుకోవడమే దాని కిటుకు. కాబట్టి సున్నం పొడి రాలే చోట జారుతుంది. ముందు పొడిగుడ్డతో గట్టిగా తుడిచి అప్పుడు బిగించు. బరువు మాత్రం వెయ్యకు.

అసలు తలనొప్పి ఆ గూడు లోతు. వెనక పెట్టింది సంక్రాంతికి గానీ బయటపడదు. బేగంబజారులో పొడుగాటి ప్లాస్టిక్ బుట్టలు దొరుకుతాయి. లోతు కన్నా రెండంగుళాలు తక్కువ పొడవున్నవి తెచ్చి పక్కపక్కనే పెడితే, ముందుకి లాగగానే సొరుగులా వస్తాయి. బట్టలు ఒకదాని మీద ఒకటి కాకుండా, లైబ్రరీలో పుస్తకాల్లా నిలువుగా పెట్టు. ఒకటి తీస్తే దొంతరంతా కూలదు. బుట్ట కొనేటప్పుడు అడుగు భాగం కాదు, మూతి దగ్గర కొలవాలి, అక్కడే వెడల్పు ఎక్కువ. ఆ పాత గోడలు మూలమట్టానికి ఉండవు కాబట్టి గూడు వెడల్పు ముందోసారి, వెనకోసారి టేపు పెట్టి చూసి చిన్న అంకె రాసుకో.

జిగురు హుక్కులు డిస్టెంపర్ గోడకి అంటించావో, పెచ్చుతో సహా ఊడి వస్తాయి. ఓనరుగారికి పండగే. నున్నటి టైలుకో అద్దానికో పాలిష్ పట్టిన బండ అంచుకో అయితే పర్వాలేదు. పట్టీ లాగి తీసే రకమైతే దాన్ని గోడ వెంబడే కిందికి నెమ్మదిగా సాగదియ్యి, నీ వైపుకి లాగావో పట్టీ తెగి జిగురు గోడకే ఉండిపోతుంది. మామూలు జిగురైతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేస్తే వదులుతుంది.

ఇంకోటి. ఆ గోడ అవతల బాత్రూమా? ఫోటోలో కింద మూల ఉబ్బినట్టు కనిపిస్తోంది. అయితే చెమ్మ ఉంటుంది. బట్టలు గోడకి ఆనించకు, వెనక రెండంగుళాలు ఖాళీ వదులు. ఎండున్న రోజు కర్టెన్ తీసేసి ఫ్యాన్ గాలి తగలనివ్వు. కింద గూట్లో బూట్లో, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకో, పట్టుచీరలు వద్దు.

పురుగులకని కలరా ఉండలు మాత్రం వెయ్యకు. ముఖ్యంగా పాపాయి బట్టల్లో. పుట్టుకతో జీసిక్స్‌పీడీ ఎంజైమ్ తక్కువున్న పసివాళ్లకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదురుతాయి. మన పాపకి ఉందో లేదో మనకేం తెలుసు? మీ అత్తగారు పంపిన పాత పెట్టెలో బట్టలు కూడా బాగా ఉతికి ఎండలో ఆరేశాకే వాడమను. బాగా ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టుకోండి. దానికీ పురుగులన్నీ పారిపోతాయని చెప్పను, మధ్యమధ్య దులిపి ఎండలో వెయ్యాల్సిందే.

సూట్‌కేసులు సజ్జ మీదకి. చిన్నది పెద్దదాంట్లో పెట్టు, చలికాలం దుప్పట్లు చిన్నదాంట్లోకి.

స్టాండు మాత్రం కొనకు. మా ఇంట్లో ఒకటి వాడకుండా మూల పడుంది, పైపులు ఊడదీస్తే చిన్న సంచిలో పడుతుంది. దసరాకి బస్సులో తెస్తాను, పొద్దున్నే ఎంజీబీఎస్‌కి బండి వేసుకుని రా. ఈలోపు గూడు కొలతలు పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బెజవాడ బావ