మా వీధుల సహాయ నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

తిరుపతి కొర్లగుంట పరిధిలోని మా అయిదు వీధుల వారు ఇంటికి నెలకు రూ.100 చొప్పున వేసుకుని నడుపుకుంటున్న సహాయ నిధికి 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వచ్చిన సొమ్మునూ, అయిన ఖర్చునూ, మిగిలిన నిల్వనూ ఇక్కడ వివరిస్తున్నాము. గంగమ్మ జాతర ముగిసిన తరువాత జరిగిన సర్వసభ్య సమావేశంలో ఈ లెక్కలు చదివి వినిపించాము. ఆ రోజు రాలేకపోయినవారి కోసమూ, బెంగళూరు, చెన్నైలలో ఉద్యోగాలు చేసుకుంటూ డబ్బు పంపిన మన పిల్లల కోసమూ ఇప్పుడు రాతపూర్వకంగా ఇస్తున్నాము. సహాయం పొందినవారి పేర్లు ఇందులో రాయలేదు. అవి రిజిస్టరులో ఉన్నాయి, చందాదారులు ఎవరైనా చూడవచ్చు. కానీ అవసరంలో చెయ్యి చాపిన మనిషి పేరు వీధిలో నలుగురి నోళ్లలో పడకూడదన్నది మొదటి నుంచీ మన కట్టుబాటు.

ముందుగా జమ. వెనకటి ఏడాది నుంచి తెచ్చిన నిల్వ రూ.18,640. నెల చందాల కింద 112 ఇళ్ల నుంచి రూ.1,34,400 రావలసి ఉండగా రూ.1,21,700 వచ్చింది. మిగతా రూ.12,700 బకాయిలో ఎక్కువ భాగం నవంబరు, డిసెంబరు వానల్లో పని దొరకని కూలీల ఇళ్లది కనుక గట్టిగా అడగలేదు, ఇకమీదటా అడగబోము. వినాయక చవితి పందిరి ఖర్చులు పోను మిగిలిన రూ.26,500 కుర్రవాళ్లు తమంతట తామే తెచ్చి ఇచ్చారు. టీకొట్టు దగ్గర పెట్టిన హుండీలో రూ.9,385, బయటి ఊళ్లలో ఉన్న మన పిల్లల నుంచి రూ.48,000, బ్యాంకు వడ్డీగా రూ.612 వచ్చాయి. ఇచ్చిన చేబదుళ్లలో తిరిగి వసూలైనది రూ.71,200. అన్నీ కలిపి జమ రూ.2,96,037.

ఖర్చులో అన్నిటికన్నా పెద్దది, సమావేశంలో ఎక్కువ సేపు చర్చకు వచ్చినదీ, చేబదుళ్ల పద్దు. వడ్డీ లేకుండా మనిషికి రూ.10,000 చొప్పున 11 మందికి రూ.1,10,000 ఇచ్చాము. వారానికి రూ.250 కంతు మీద 40 వారాల్లో తీర్చాలి. "డబ్బు అవసరం అందరికీ ఉంది, వీళ్లకే ఎందుకు?" అని ఇద్దరు సభ్యులు అడిగారు. అడగడం న్యాయమే కనుక కారణం వివరంగా చెబుతున్నాము.

గోవిందరాజస్వామి గుడి వీధుల్లో మూరల లెక్కన పూలు అమ్మే ఒకావిడ, కిందటి జూన్‌లో తన బుట్టలో పూల కింద పాలిథిన్ కవరులో దాచుకున్న ఫైనాన్స్ కార్డు తీసి మాకు చూపించింది. కార్డు మీద నూరు గళ్లు. రోజూ సాయంత్రం ఏడు గంటలకు బండి మీద వచ్చే కుర్రవాడు రూ.100 తీసుకుని ఒక గడిలో తేదీ వేసి సంతకం పెట్టి వెళతాడు. పూలతడికి అట్ట నాని కొన్ని సంతకాలు చెదిరిపోయాయి. రూ.10,000 అప్పు అని రాసి, చేతికిచ్చేది రూ.9,000, నూరు రోజుల్లో కట్టవలసింది రూ.10,000. చూడడానికి వడ్డీ వెయ్యి రూపాయలే. కానీ అసలు రోజురోజుకూ తరుగుతూ ఉంటుంది కనుక, మిగిలి ఉన్న అసలు మీద లెక్క కడితే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. 2004లో పొదుపు సంఘాలకు నెలకు నూటికి పావలా వడ్డీ వచ్చిన రాష్ట్రంలో, సంఘంలో చేరలేకపోయిన ఈ మనిషి దానికి ఇరవై నాలుగు రెట్లకు పైగా కడుతోంది. పెరటాసి నెల శనివారాల్లో తమిళ భక్తులు కిటకిటలాడినప్పుడు ఆ వంద రూపాయలు బరువనిపించవు. వానపడి బేరం లేని నాడు మాత్రం ఆ వంద ఇంటి బియ్యంలోంచే పోతుంది.

అందుకే చేబదులుకు పెట్టిన షరతు ఒక్కటే: ముందు ఆ బాకీ తీర్చి, ముగిసిన కార్డు కమిటీకి ఇవ్వాలి. ఏడుగురు ఇచ్చారు, ఆ కార్డులు రిజిస్టరుకు కుట్టి ఉన్నాయి. మిగిలిన నలుగురికి అలాంటి అప్పు లేదు, సరుకు కొనుక్కున్నారు. ఏడుగురిలో ఇద్దరు మళ్లీ ఫైనాన్స్ తీసుకున్నారని కూడా చెప్పవలసి ఉంది: ఒకరికి కూతురి పెళ్లి, మరొకరికి కొత్త ఇంటి అడ్వాన్సు. చేబదుళ్లలో ఇంకా రావలసిన రూ.38,800లో రూ.7,400 ఒక్కరి దగ్గరే ఉంది. ఆమె భర్త పని చేసే చోట పరంజా మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దీన్ని ఎగవేతగా రాయవద్దని, గడువు పొడిగించినట్టుగానే రాయాలని సమావేశం ఒప్పుకుంది.

కాగితాల ఖర్చు రూ.12,430. ఆధార్ సవరణలు, ఫొటోలు, జిరాక్సులు, నోటరీ, ఆటో ఛార్జీలు అన్నీ దీనిలోకే వస్తాయి. చిన్న పద్దుల్లో ఇదొకటి, కానీ మా అభిప్రాయంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. పింఛను తీసుకుంటున్న ఒక పెద్దాయన డిసెంబరులో కాలం చేశారు. 2024 నవంబరు 1 తరువాత అలా పోయినవారి భార్యకు ఆ పింఛను ఇవ్వాలని ప్రభుత్వ నిర్ణయం ఉంది. అయితే మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా పడడంతో ఆవిడ దరఖాస్తు ఆగిపోయింది. మన సభ్యులు ఇద్దరు వార్డు సచివాలయానికి నాలుగుసార్లు తిరిగి సరిచేయించారు. అయిన ఖర్చు రూ.640. మార్చి నుంచి ఆవిడ చేతికి నెలకు రూ.4,000 అందుతోంది.

పేదరికం తగ్గించడం నగరపాలక సంస్థ పనా, మన పనా అన్న ప్రశ్న కూడా సమావేశంలో వచ్చింది. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగినవిగా చెప్పిన 18 అంశాల్లో మురికివాడల మెరుగుదల, పట్టణ పేదరిక నిర్మూలన రెండూ ఉన్నాయి. తిరుపతి కార్పొరేషన్ అయిన 2007లోనే రాష్ట్రంలో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కూడా ఏర్పడింది. కాబట్టి ఆ పని మనం చేస్తున్నాం కదా అని వారు వదిలేయకూడదు, వారు చేస్తారులే అని మనమూ ఊరుకోకూడదు. పాత నిల్వ, తిరిగి వచ్చిన చేబదుళ్లు తీసివేస్తే ఈ ఏడాది కొత్తగా పోగైనది రూ.2,06,197. నెలకు రూ.4,000 పింఛను లెక్కన పంచితే అది నలుగురికి ఏడాదిపాటు సరిపోతుంది, అయిదో మనిషికి రాదు. కానీ అదే చందా డబ్బుతో, సర్కారు నుంచి రావలసినది రాకుండా ఆగిపోయినవారిని ఎంతోమందిని ఆ గడప దాటించవచ్చు.

పీఎం స్వనిధి విషయంలో అది సగమే నెరవేరింది. వీధి వ్యాపారులకు హామీ లేకుండా, అప్పట్లో మొదటి విడత రూ.10,000 ఇచ్చిన ఈ కేంద్ర పథకం రుణానికి మెప్మా ఆర్పీ (రిసోర్స్ పర్సన్) సాయంతో ఆరుగురు దరఖాస్తు చేశారు. నలుగురికి వచ్చింది. ఒకరికి వీధి వ్యాపారి గుర్తింపు కార్డు లేదు. మరొకరికి పాత బాకీ ఉందని ఒక బ్యాంకు శాఖ వెనక్కి పంపింది; ఆ బాకీ ఆమెది కాదని తేల్చేలోపు 2024 డిసెంబరు 31తో అప్పటి రుణాల గడువు ముగిసింది. ఆ ఆలస్యంలో మన తప్పు కూడా ఉంది: కాగితం ఆమె చేతికి వచ్చిన మూడు వారాలకు గానీ మేము బ్యాంకుకు వెళ్లలేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో వందకు నలభై మందికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. మన వీధుల పూలవారు, టిఫిన్ బండ్ల వారు ఆ ప్రతినిధుల ఎన్నికలో నిలబడేలా చూడాలని తీర్మానించాము.

మిగతా పద్దులు క్లుప్తంగా. బియ్యం, సరుకులకు రూ.28,900. 2024 ఆగస్టు నుంచి అన్న క్యాంటీన్లు మళ్లీ తెరుచుకుని పూటకు రూ.5కే భోజనం పెడుతున్నందున నడవగలిగిన ముసలివారు అక్కడికి వెళుతున్నారు. నడవలేనివారికీ, వానల్లో పని లేని ఇళ్లకే సరుకులు ఇచ్చాము. ఆసుపత్రి ఖర్చు రూ.34,260. వైద్యం ఉచితమే అయినా మంచం పక్కన కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి ఉండదు, తిండి, ఆటో తప్పవు. చదువులకు రూ.41,850, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ పరీక్ష ఫీజులు, బస్సు పాసులు. రెండు కుట్టుమిషన్లకు రూ.14,000, ఒక తోపుడు బండికి రూ.9,500. మిషన్లలో ఒకటి ఆరు నెలలు ఊరికే పడి ఉంది, ఎందుకంటే ఆ ఇంటి ఒంటిగదిలో దాన్ని పెట్టే చోటు లేదు. ఇల్లు చూడకుండా ఇచ్చిన పొరపాటు మాది. ఆమె ఒప్పుకోలుతో దాన్ని పక్క వీధికి మార్చాము. రెండు అంత్యక్రియలకు రూ.15,000, పుస్తకాలు, బ్యాంకు ఛార్జీలకు రూ.1,195. మొత్తం ఖర్చు రూ.2,67,135. నిల్వ రూ.28,902, అందులో బ్యాంకులో రూ.27,350, కోశాధికారి చేతిలో రూ.1,552.

2025 ఉగాది నాడు ముఖ్యమంత్రి మొదలుపెట్టిన, స్థోమత ఉన్నవారు పేద కుటుంబాలకు తోడుండే పీ4 కార్యక్రమంలో సాయం అందుకునే 'బంగారు కుటుంబాలు'గా మన వీధుల నుంచి పేర్లు పంపాలా అని కొందరు అడిగారు. ఆ ఇంటివారు ముందుగా ఒప్పుకుంటేనే, వారికి కావలసినది ఏమిటో వారి మాటల్లోనే రాసి పంపాలని నిర్ణయించాము. ఇప్పటికి ముగ్గురు ఒప్పుకున్నారు. ఇద్దరు పిల్లల చదువు అడిగారు, ఒకరు ఇంటి పట్టా అడిగారు.

రిజిస్టరు, రసీదులు, బ్యాంకు పుస్తకం ఈ నెలాఖరు వరకు ప్రతి ఆదివారం ఉదయం రామాలయం అరుగు మీద ఉంటాయి. చదువుల పద్దులో రూ.1,150కి రసీదు ఇంకా చేతికి రాలేదు. అది వచ్చేదాకా ఆ పద్దు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఉంచాము.