మా మంత్రిగారి బిల్లు రద్దయింది, అందరికీ కృతజ్ఞతలు

బ్యాంకు నుంచి తుది జవాబు వచ్చింది. నా క్రెడిట్ కార్డు మీద పడిన పశువైద్యశాల బిల్లు పొరపాటేనని ఒప్పుకున్నారు. ఒకసారి తాత్కాలికంగా ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్న ఆ సొమ్మును ఇప్పుడు శాశ్వతంగా జమ చేశామని రాశారు. ఇన్నాళ్ళూ "ఏమైంది?" అని అడుగుతూ వచ్చిన వారందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సరైన నిద్ర లేదు. వాక్యాలు అటూ ఇటూ పోతే సర్దుకుని చదువుకోండి.

మా వారు, పిల్లలు, అక్క మొదటి నుంచీ తోడున్నారు. వాళ్ళ సంగతి ఇంట్లో చూసుకుంటాను. ఇది ముఖ్యంగా ఒక అమ్మాయి కోసం రాస్తున్నది. బ్యాంకు వారి వివాదాల విభాగంలో పనిచేస్తుంది. పేరు రాయవద్దంది, ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

కథ తెలియని వారి కోసం కొంచెం చెప్పాలి. మంత్రి మా కుక్క. పిలిస్తే వచ్చేవాడు కాదు, వస్తే చెప్పిన పని చేసేవాడు కాదు, భోజనాల వేళకు మాత్రం అందరికన్నా ముందు హాజరయ్యేవాడు. ఆ పేరు అలా వచ్చింది. పోయి ఏడాది దాటింది.

ఈ మధ్య నా కార్డు స్టేట్‌మెంటులో ఎన్నడూ వినని కంపెనీ పేరు మీద పెద్ద మొత్తం కనబడింది. బ్యాంకుకు ఫోను చేస్తే మొదట మాట్లాడినాయన "ఎవరో కార్డు నంబరు ఒక అంకె తప్పు కొట్టి ఉంటారు మేడమ్, మీ మీద పడింది" అని తేల్చేశారు. కంప్యూటర్ల పని చేసే మా మేనల్లుడు ఆ మాట విని నవ్వాడు. కార్డు మీది చివరి అంకె ఊరికే ఉండదట, మిగతా అంకెలతో లెక్కగట్టి పెట్టే సరిచూపు అంకె అట. లూన్ అనే ఇంజనీరుకు ఆ పద్ధతి మీద 1960లో పేటెంటు వచ్చింది. ఒక్క అంకె మారినా లెక్క తప్పుతుంది, యంత్రం అక్కడే కాదంటుంది. అంటే ఇది వేలు జారి వచ్చిన బిల్లు కాదు. నా కార్డునే ఎవరో ఎంచుకున్నారు.

మళ్ళీ ఫోను చేసి ఆ వ్యాపారం ఏమిటో చెప్పమని పట్టుబట్టాను. స్టేట్‌మెంటులో వచ్చే పేరు దుకాణం బోర్డు మీది పేరే కావాలని లేదు, వెనక ఉన్న సంస్థ పేరైనా కావచ్చు. అయితే ప్రతి వ్యాపారానికీ నాలుగంకెల వర్గ సంఖ్య ఒకటి ఉంటుంది. దీనిది 0742. పశువైద్య సేవలు. అప్పుడు వెలిగింది, మంత్రిని చివరిదాకా చూపించిన ఆసుపత్రి అని.

అప్పట్లో మాటిమాటికీ వెళ్ళవలసి వస్తోందని కార్డు వివరాలు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. ఆ కార్డు గడువు తీరిపోయింది, నాకు కొత్తది కూడా వచ్చింది. అయినా బిల్లు కొత్త కార్డు మీద ఎలా పడిందని అడిగితే ఒక కొత్త విషయం తెలిసింది. వ్యాపారుల దగ్గర దాచి ఉన్న పాత కార్డు స్థానంలో కొత్త నంబరును, గడువును తమంతట తామే అందించే సేవలు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుల్లో ఉన్నాయి. మనకు సౌకర్యమని పెట్టారు. మనం మరిచిపోయిన చోట్ల కూడా ఆ సౌకర్యం కొనసాగుతూనే ఉంటుంది.

ఆసుపత్రికి ఫోను చేస్తే అక్కడివారు ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"అవునండీ, మంత్రి మూడు రాత్రులు మా దగ్గరే ఉన్నాడు. పళ్ళు శుభ్రం చేశాం, గోళ్ళు తీశాం."

"మంత్రి లేడండీ."

"అవునండీ, ఇంటికి పంపించేశాం కదా."

ఆ తర్వాత నాకు మాట రాలేదు. ఫోను పెట్టేశాను.

ఇక బ్యాంకుకు ఉత్తరం రాయాలి. కోపంగా మొదలుపెడితే రెండో పంక్తికే ఏడుపు వస్తోంది. నవ్వుతూ రాస్తే చివరిదాకా రాయగలిగాను. చాలామంది అడిగారు కాబట్టి అందులో కొంత భాగం ఇక్కడ పెడుతున్నాను:

"అయ్యా, మా మంత్రి పదవీకాలం ముగిసి ఏడాది దాటింది. వారు మళ్ళీ ప్రమాణ స్వీకారం చేసినట్టు మాకు సమాచారం లేదు. ఒకవేళ ఆసుపత్రి వారి రికార్డులే నిజమై, వారు మూడు రాత్రులు అక్కడ బస చేసి, దంతశుద్ధి చేయించుకుని ఉంటే, ఆ ఖర్చు మొత్తం భరించడానికి మాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. వారిని వెంటనే ఇంటికి పంపించవలసిందిగా మాత్రం ప్రార్థన."

ఈ ఉత్తరాన్ని బ్యాంకులో చాలా రోజులు ఎవరూ చదవలేదు. ఎందుకంటే వాళ్ళకు ఉత్తరం అక్కరలేదు, ఫారం కావాలి. ఆ ఫారంలో కారణం మనం రాయడానికి వీల్లేదు, వాళ్ళు ఇచ్చిన వరసలో ఒకటి ఎంచుకోవాలి. "నా కుక్క చనిపోయింది" అనేది ఆ వరసలో లేదు. ఫోనులో ఉన్నాయన "నేను ఈ లావాదేవీ చేయలేదు" అన్న దాన్ని నొక్కించారు. అది మోసాల గుమ్మం. ఆ గుమ్మంలోకి వెళ్ళగానే నా కార్డు రద్దయింది, దానికి కట్టి ఉన్న కరెంటు బిల్లు, ఫోను బిల్లు, బీమా అన్నీ వరుసగా ఆగిపోయాయి. పోతే పోనీ, సొమ్ము తాత్కాలికంగా జమ అయిందిలే అనుకున్నాం.

అప్పుడు ఆసుపత్రి వారి జవాబు వచ్చింది. ఈ కార్డుదారు మాకు కొత్తవారు కారు, ఇదిగో ఏళ్ళ తరబడి చెల్లించిన బిల్లులు, ఇదిగో మంత్రి పేరు మీద ఫైలు, ఇందులో మోసం ఎక్కడుంది అని. వాళ్ళ కోణంలో చూస్తే నిజమే. మంత్రికి మేము చేయించిన వైద్యమంతా మా మీద సాక్ష్యమైంది. "వ్యాపారి సమర్పించిన ఆధారాలను పరిశీలించి మీ వివాదాన్ని తిరస్కరించడమైనది" అని రెండు పంక్తులు రాసి జమ వెనక్కి తీసుకున్నారు.

ఇక్కడ కాస్త కడుపుమంట చెప్పుకోనివ్వండి. జరిగిన దానికి రసీదు ఉంటుంది. జరగని దానికి రసీదు ఎక్కడి నుంచి తెచ్చేది? ఫోను చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, కొత్తగా మొదటి నుంచి కథ, గానుగెద్దులా బయలుదేరిన చోటికే రావడం. మధ్యలో "మీ సమయం మాకు ఎంతో విలువైనది" అని రికార్డు చేసిన గొంతు. అంత విలువైనదని తెలిసే కాబోలు అంతంత వాడుకున్నారు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల వివాదాలకు గడువు 120 రోజులు. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. కానీ కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచే రోజులు కూడా అందులోనే కరిగిపోతుంటే గుండె దడదడలాడేది మనకే. అవతలి బల్లకు కాదు.

చేతనైనది అదొక్కటే కాబట్టి, పాత ఉత్తరాన్నే జతపరచి పునఃపరిశీలన కోరాను. ఆ అమ్మాయి ఫోను అప్పుడు వచ్చింది.

బ్యాంకు నుంచి తమంతట తాముగా ఫోను చేయడమే వింత. పైగా పని వేళ దాటిపోయింది. "మేడమ్, మీ ఉత్తరం మొత్తం చదివాను. ముందుగా మంత్రిగారికి నా నమస్కారాలు" అంది. నవ్వాను. చాలా రోజుల తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి నన్ను నవ్వించింది.

తర్వాత అడిగింది, "ఆయన బరువు ఎంత ఉండేవారండీ?"

ముప్పై నాలుగు కిలోలు అని చెప్పాను. అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "ఆసుపత్రి వారు పంపిన కాగితాల్లో మూడో పేజీ ఎవరూ చూసినట్టు లేదు మేడమ్" అంది. కుక్కలకు పళ్ళు శుభ్రం చేయాలంటే మత్తు ఇవ్వాలి. మత్తు మోతాదు బరువును బట్టి ఇస్తారు. అందుకని ఆ రోజు తూచి బరువు రాసుకున్నారు. ఆరు కిలోలు.

మా మంత్రి తలకాయే అంత ఉండేది.

విషయం తేలిపోయింది, ఇక ఫోను పెట్టేయవచ్చు. కానీ ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ముప్పై నాలుగు కిలోలంటే... చివర్లో మీరు ఎత్తుకోవలసి వచ్చేదా?" అని అడిగింది.

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చుట్టాలు "ఇంకోదాన్ని తెచ్చుకోండి" అన్నారు. స్నేహితులు ఫొటోల కింద పూలు పెట్టారు. వెనక కాళ్ళు పడిపోయాక కడుపు కింద తువాలు వేసి చెరో కొసా పట్టుకుని మెట్లు దింపేవాళ్ళమని, రాత్రుళ్ళు వాడికి సిగ్గనిపించకుండా చీకట్లోనే తీసుకెళ్ళేవాళ్ళమని, నా నడుము ఇప్పటికీ నొప్పి అని, ఆ నొప్పి తగ్గకపోయినా పరవాలేదనిపిస్తుందని, ఎవరో తెలియని పిల్లకు, సంభాషణలు రికార్డయ్యే ఫోనులో చెప్పాను. చెప్పానంటే, ఏడ్చాను. ఊరుకోండి అనలేదు. లైనులో ఉండండి అని పాట పెట్టలేదు. "మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదండీ, ఈలోపు నేను ఫారం నింపుతూ ఉంటాను" అంది. కీబోర్డు చప్పుడు వింటూ ఎంతసేపు ఏడ్చానో తెలియదు. తను ఒక్కో ఫోనుకు ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్కగట్టే చోట పనిచేస్తుందని ఆఖర్న తెలిసింది. పేరెందుకు వద్దందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఫారం ఎలా నింపిందో కూడా చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. వీసా నిబంధనల్లో వివాదాలకు నాలుగు కుటుంబాలు. 10తో మొదలయ్యేవి మోసాలు, 11 అనుమతికి సంబంధించినవి, 12 నమోదులో దొర్లిన పొరపాట్లు, 13 వస్తువులూ సేవల మీద వినియోగదారుల ఫిర్యాదులు. "మీరు మోసమంటే వాళ్ళు పరువు కాపాడుకుంటారు. పొరపాటంటే పుస్తకాలు తీసి చూస్తారు" అంది. మంత్రి టీకాల పుస్తకంలో చివరి బరువు ఉన్న పేజీ, వాడు పోయినట్టు అదే ఆసుపత్రి రాసిచ్చిన కాగితం, పక్కన ఆ మూడో పేజీ పెట్టి తదుపరి దశకు పంపింది. అక్కడా తెగకపోతే కార్డు నెట్‌వర్కు మధ్యవర్తిత్వానికి వెళుతుందట, ఓడినవారు దాని రుసుము కూడా కట్టాలట. అందువల్లనో, ఆరు కిలోలను చూసి సిగ్గుపడో, ఆసుపత్రి వారు ఈసారి నిజంగానే ఫైలు తెరిచారు. నా పేరే ఉన్న ఇంకో ఆవిడ ఉన్నారు. బిల్లు వేసేవారు పేరు వెతికి, పైన కనబడిన మా ఫైలును నొక్కారు. అంతే జరిగింది.

అన్నీ ముగిశాక బ్యాంకు నుంచి "మా సేవ ఎలా ఉంది?" అని సందేశం వచ్చింది. ఫోను ఎంత త్వరగా ఎత్తారు, ఎంత త్వరగా ముగించారు అని రెండే ప్రశ్నలు. ఇంకేమీ రాయడానికి చోటు లేదు. అందుకే ఇంత పొడవుగా ఇక్కడ రాయవలసి వచ్చింది. అమ్మా, నీకు ఇది కనబడితే, మంత్రిగారు కూడా నమస్కారాలు చెప్పమన్నారనుకో.

పంపేముందు చదువుకుంటే చాలామందిని మరిచానని తెలిసింది. లూన్ లెక్క చెప్పిన మేనల్లుడికి సరిగా థాంక్స్ చెప్పనేలేదు. టీకాల పుస్తకం దొరకనప్పుడు పాత బీరువా మొత్తం దింపి వెతికిన మా పనమ్మాయికి. రాత్రిపూట తలుపు కొట్టినా విసుక్కోకుండా కాగితాలన్నీ స్కాన్ చేసి, సైజు ఎక్కువైందని ఫారం తిప్పికొట్టిన ప్రతిసారీ తగ్గించి ఇచ్చిన పక్కింటి వారికి. ఆసుపత్రి డాక్టరుగారికి, తన దాకా విషయం రాగానే స్వయంగా ఫోను చేసి మాట్లాడినందుకు.

ఇంకొకరు, అసలు మరిచిపోకూడనివారు, నా పేరే ఉన్న ఆ రెండో ఆవిడ. తన తప్పేమీ లేకపోయినా ఆసుపత్రి ద్వారా క్షమాపణ పంపారు. బిల్లు ఎప్పుడొస్తుందా అని ఆవిడా ఎదురుచూస్తున్నారట, వచ్చిన రోజే కట్టేశారట. వాళ్ళ ఆరు కిలోల కుక్క పేరు రాణి. మూడు రాత్రులూ నానా గొడవ చేసి, గోళ్ళు తీయబోయిన వారి వేలు కొరికిందట. శుభ్రం చేసిన పళ్ళతోనే.