మార్గరీటా తోటలో మా నాన్నను మోసుకెళ్ళిన వాళ్ళకు

ముందుగా, ఫోన్లు చేసి అడుగుతున్న బంధువులందరికీ: అస్సాంలో మార్గరీటా దగ్గరి తేయాకు తోటలో పడి కాలు విరిగిన నాన్న ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వీధి చివర కిళ్ళీ కొట్టు దాకా నడిచి వస్తున్నారు. కట్టు విప్పేశారు. ఎముక బాగా అతుక్కుందని ఇక్కడి డాక్టరు కూడా చెప్పారు. కాబట్టి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

ఇక ఈ పోస్టు కృతజ్ఞతలు చెప్పడానికి. నేను ఎవరికి చెప్పాలో వాళ్ళలో దాదాపు ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఒకావిడకు మాట్లాడటం మాత్రం వచ్చు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. వాళ్ళకు చెప్పాల్సింది అక్కడే, చేతులు పట్టుకుని చెప్పి వచ్చాం. వాళ్ళు ఏం చేశారో మనవాళ్ళకు కూడా తెలియాలని ఇది. పేర్లు గానీ, తోట పేరు గానీ రాయడం లేదు. పని వేళలో పని ఆపి చేసిన సాయం అది. దానివల్ల ఎవరికీ పైవాళ్ళ నుంచి మాట రాకూడదు.

ఇంత దూరం ఎందుకు వెళ్ళారని చాలామంది అడిగారు. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా తాతయ్య తమ్ముడు స్వాతంత్ర్యానికి ముందే అస్సాం తేయాకు తోటలకు వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో తోటలవాళ్ళు తమ దగ్గర పనిచేసే సర్దార్లనే (కూలీల మేస్త్రీలనే) సొంత ఊళ్ళకు పంపి, కొత్త కూలీలను పోగుచేయించేవారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి అలా వెళ్ళినవాళ్ళు చాలామంది. మన వైపు రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళ కథలు ఇంటింటా వినిపిస్తాయి గానీ, అస్సాం వెళ్ళినవాళ్ళను మనం పెద్దగా తలుచుకోం. చినతాత కొన్నాళ్ళు మనియార్డర్లు పంపాడట. వాటి మీద మార్గరీటా పోస్టాఫీసు ముద్ర ఉండేదని తాతయ్య చెప్పేవాడు. తరవాత యుద్ధం వచ్చింది. తోట కూలీలను రోడ్డు పనికి తీసుకుపోతున్నారని ఒక కార్డు వచ్చింది. ఆ తరవాత ఏమీ లేదు. నాన్న ఆర్టీసీలో రిటైరైన దగ్గర్నుంచీ ఆ ఊరు ఒక్కసారి చూడాలని అంటూనే ఉన్నారు. ఈసారి నాకు సెలవు దొరికింది.

కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ మీదుగానే పోతుంది. న్యూ తిన్‌సుకియాలో దిగి, దిగ్బోయ్ మీదుగా రోడ్డున ఒక యాభై కిలోమీటర్లు వెళితే మార్గరీటా. బుఢీ దిహింగ్ నది ఒడ్డున చిన్న ఊరు, అవతల పట్‌కాయ్ కొండలు. రైలు మార్గం వేసిన రోజుల్లో ఇటలీ ఇంజనీరు ఒకాయన తమ రాణి పేరు ఈ ఊరికి పెట్టాడట. తేయాకు ఒక పక్క, బొగ్గు గనులు ఇంకో పక్క. కోల్ ఇండియా వాళ్ళ ఈశాన్య బొగ్గు క్షేత్రాల ఆఫీసు ఇక్కడే. బజారులో ఒక లారీ బొగ్గుతో, దాని వెనకే ఇంకో లారీ పచ్చి ఆకుతో వెళ్ళడం చూసి నాన్న తెగ ఆశ్చర్యపోయారు. డ్రైవరుగా పనిచేసిన మనిషి కదా, ఆయన కళ్ళెప్పుడూ బళ్ళ మీదే.

జూన్ నెల. రెండో కోత ఆకు దిగే కాలం, మంచి రేటు పలికే ఆకు. వానలు కూడా అప్పుడే. తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. అందుకని తోటల్లో గడియారం మన టైముకు ఒక గంట ముందు నడుస్తుంది. బాగాన్ టైమ్ అంటారు. తోట గుమస్తా ఒకాయన పాత రిజిస్టర్లు ఏమైనా ఉన్నాయేమో అడిగి చూద్దామని, మమ్మల్ని పొదల మధ్య దారిలో ఆఫీసు వైపు తీసుకెళుతున్నాడు. తేయాకు మొక్క వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే బతకదు. అందుకని వరసల మధ్య లోతైన కాలువలు తవ్వుతారు. రాత్రంతా కురిసిన వానకు ఒక కాలువ గట్టు నానిపోయి ఉంది. నాన్న అడుగు పెట్టగానే గట్టు కూలింది. మనిషి నడుం లోతు కాలువలో పడ్డారు. కుడికాలు చీలమండ దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది.

నేను కేక వేసినట్టు గుర్తు. ఆ తరవాత చూస్తే చుట్టూ ఆడవాళ్ళే. నెత్తి నుంచి వేలాడే సంచులతో ఆకు తెంపుతున్నవాళ్ళు, మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ పట్టాలు చుట్టుకున్నవాళ్ళు. ఇద్దరు కాలువలోకి దిగారు. ఒకావిడ నడుముకు చుట్టుకున్న పట్టా విప్పి కింద పరిచింది. నలుగురు నాలుగు కొసలు పట్టి నాన్నను పైకి తీశారు. నాన్న తక్కువ బరువేమీ కాదు. ఒకమ్మాయి తన సీసాలోని టీ ఆయన నోటికి అందించింది. పాలు లేవు, చక్కెర లేదు, ఉప్పు వేసిన టీ. చెమటోడ్చి పనిచేసేవాళ్ళు అక్కడ అదే తాగుతారు. ఇంట్లో టీలో చక్కెర ఒక చెంచా తగ్గితే గిన్నె పక్కకు నెట్టే మనిషి, దాన్ని గటగటా తాగేశారు.

అక్కడి నుంచి తోట ఆసుపత్రి దూరం. ఆకు తూకం దగ్గరికి వచ్చిన ట్రాక్టరును సర్దారు ఆపించాడు. ట్రాలీలో సగం దాకా పచ్చాకు ఉంది. దాని మీదే గోనెలు పరిచి నాన్నను పడుకోబెట్టారు. కాలు కదలకుండా ఇద్దరు ఆడవాళ్ళు చెరోపక్క కూర్చుని పట్టుకున్నారు. ఆకు నలిగితే ఫ్యాక్టరీలో ఎవరో ఒకరు అడుగుతారని నాకు తరవాత తెలిసింది. ఆ క్షణంలో వాళ్ళెవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నన్ను ఇంకా వదలని విషయం. బ్రహ్మపుత్ర లోయ తోటల్లో రోజు కూలి 2023 అక్టోబరులో 250 రూపాయలు చేశారు. ఆ కూలి పూర్తిగా రావాలంటే రోజుకు ఇంత ఆకు అని లెక్క ఉంటుంది. చాలా తోటల్లో అది ఇరవై నాలుగు కిలోలు. మాతో వచ్చిన ఇద్దరూ, పట్టా పట్టిన నలుగురూ పనిలో చాలాసేపు పోగొట్టుకున్నారు. ఆ లోటు నేను డబ్బుగా ఇస్తానంటే సర్దారు నవ్వి, అక్కర్లేదన్నాడు. సాయంత్రం తూకం దగ్గర ఏం జరిగిందో గుమస్తా మర్నాడు చెప్పాడు. మిగతా ఆడవాళ్ళు తమ సంచుల్లోంచి తలా కాస్త ఆకు తీసి ఆ ఆరుగురి సంచుల్లో పోశారట. ఎవరికీ తక్కువ పడలేదు. వాళ్ళలో చాలామంది మా మొహాలు కూడా చూడలేదు. పొద్దున్నే మనం గ్లాసులో పోసుకునే డస్ట్ టీ ఇలాంటి తోటల నుంచి వచ్చేదే. ఇన్నేళ్ళూ దాని రేటు మాత్రమే చూశాను నేను.

తోట ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. తోటవాళ్ళు వైద్యం, ఇళ్ళు, పసిపిల్లల్ని చూసుకునే చోటు ఏర్పాటు చేయాలని 1951 నాటి ప్లాంటేషన్ కార్మికుల చట్టం పెట్టింది. ఆ లెక్కన కట్టిన పాత రేకుల కట్టడం, కొన్ని మంచాలు. కానీ అక్కడి కంపౌండర్ బాబు చెయ్యి మామూలుది కాదు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, వెదురు బద్దలు రెండు కొలిచి కోసి, దూది చుట్టి, కాలుకు ఇటూ అటూ పెట్టి కట్టాడు. ఆ కట్టు చూసి పట్నంలో ఎక్స్‌రే తీసిన డాక్టరు, ఇది ఎవరు కట్టారని అడిగి మరీ తెలుసుకున్నారు. దీనివల్లే ఎముక ఇంకా జరగలేదు, ఆపరేషన్ తప్పింది అన్నారు. కంపౌండర్ బాబుకు ఈ మాట ఫోన్లో చెబితే, "వేళ్ళు కదుపుతున్నారా లేదా?" అని అదొక్కటే రెండుసార్లు అడిగి పెట్టేశాడు.

మమ్మల్ని పట్నానికి తీసుకెళ్ళింది 108 బండి. అస్సాంలో దాన్ని మృత్యుంజయ్ అంటారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అక్కడికి 2008లో చేరింది. తలుపు మీద ఆ మూడంకెలు కనిపించగానే నాకు సగం ధైర్యం వచ్చింది. ఆ బండిలో ఉన్న అబ్బాయికి, డ్రైవరుకు కూడా నమస్కారాలు. గుంతల రోడ్డు మీద ప్రతి గుంత దగ్గరా బండిని దాదాపు ఆపి నడిపాడని నాన్న ఇప్పటికీ చెబుతుంటారు. ఆయన సర్టిఫికెట్ ఊరికే ఇవ్వరు.

అంతకుముందు మాట్లాడుకున్న అద్దె కారువాడి సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. విషయం విని రెట్టింపు అడిగాడు, ఆపైన ఫోనే ఎత్తలేదు. వదిలేద్దాం.

మేము దిగింది సింగ్‌ఫో అనే అక్కడి గిరిజనుల ఇంట్లో. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన వెదురు ఇల్లు, చాంగ్ ఘర్. పిండికట్టుతో ఆ మెట్లు ఎక్కడం కుదరని పని. మేము ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి, ఇంటాయన ధాన్యం పెట్టుకునే కింది గదిని ఖాళీ చేసి, కడిగించి, తన మంచం దించి వేసి ఉంచాడు. పడక కుర్చీ కావాలంటే బడి నుంచి తెచ్చాడు. ఆ ఇంటావిడ ఆకులో చుట్టి ఆవిరి మీద వండిన అన్నం, చేప, ఉడికించిన ఆకుకూరలు పెట్టేది. కారం లేదని నాన్న మొహం చూసి కనిపెట్టి, మూడోపూట నుంచి పక్కన పచ్చిమిరపకాయలు నూరి పెట్టింది. గది అద్దె లెక్క తీసుకున్నారు గానీ, కాలు విరిగిన తరవాత ఉన్న రోజులకు తీసుకోలేదు. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

వాళ్ళ టీ మనం తాగే టీ కాదు. ఆకు తెచ్చి మూకుడులో వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కూరి, పొయ్యి మీద పొగకు వేలాడదీస్తారు. ఫాలాప్ అంటారు. గట్టిపడిన ఆకును బిళ్ళలా కోసి వేడి నీళ్ళలో వేసుకోవడమే. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వర్తకుడికి అస్సాంలో తేయాకు ఉందని చూపించింది సింగ్‌ఫో పెద్ద బీసా గామ్. మధ్యలో పరిచయం చేసింది అస్సాం ప్రముఖుడు మణిరామ్ దేవాన్. 1839 జనవరిలో అస్సాం తేయాకు మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడుపోయింది, అదే ఏడాది తోటలు పెట్టడానికి అస్సాం కంపెనీ పుట్టింది. "చూపించింది మావాళ్ళు, తోటలు మాత్రం వాళ్ళవి" అని ఇంటాయన నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు వెనక కొంచెం ఉక్రోషం కూడా ఉంది, అది న్యాయమే.

ఇక అత్త. తోటలో తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయని గుమస్తా కబురు పెడితే, లేబర్ లైన్ల (కూలీల ఇళ్ళ వరసల) నుంచి ఒకావిడ నాన్నను చూడటానికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఆవిడ తాతముత్తాతలు పర్లాకిమిడి వైపువాళ్ళు. తను ఎన్నడూ ఇటు రాలేదు. గుమ్మంలో నిలబడి, "ఏటన్నా, కాలిరిగితే మాటలు కూడా ఇరిగిపోనాయా?" అంది. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి నవ్వారు. ఆ రోజు నుంచి ఆవిడ పని దిగగానే వచ్చేది. ఒకరోజు చింతపండు పులుసు, ఒకరోజు ఎండుచేపల కూర. నాన్న ఆవిడను చెల్లీ అన్నారు కాబట్టి నాకు అత్త అయింది. పగలంతా నిలబడి ఆకు తెంపిన మనిషి, వచ్చి నాన్న కాలి వేళ్ళకు నూనె రాస్తుంటే నేను ఏమనాలో తెలియక పక్కన కూర్చునేదాన్ని.

చినతాత సంగతి తెలియలేదు. అంత పాత రిజిస్టర్లు ఆఫీసులో లేవు. అత్తే మమ్మల్ని టోటోలో (బ్యాటరీ ఆటోలో) లీడో అనే ఊరికి తీసుకెళ్ళింది. యుద్ధకాలంలో బర్మా మీదుగా చైనాకు వేసిన స్టిల్‌వెల్ రోడ్డు అక్కడే మొదలవుతుంది. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు కాలినడకన బయలుదేరిన మనదేశం వాళ్ళలో కొందరు పాంగ్‌సావ్ కనుమ దాటి ఇటే దిగారు. వాళ్ళను ఆదుకోవడానికి, రోడ్డు పనికి తోటల నుంచి కూలీలను పంపారు. కార్డులో చినతాత రాయించిన మాటకు ఇది సరిపోతోంది. అక్కడి స్టిల్‌వెల్ రోడ్డు బోర్డు ముందు నాన్న ఊతకర్రల మీద నిలబడి ఫోటో తీయించుకున్నారు.

తిరుగు ప్రయాణానికి కింది బెర్తులు దొరకలేదు. ఆ వైపే పనిచేస్తున్న మన శ్రీకాకుళం జవాను ఒకబ్బాయి, ఫోన్లో మా యాస విని స్టేషనుకు వచ్చాడు. టీసీతో మాట్లాడి, ఒక కుటుంబంతో బెర్తులు మార్పించి, బండి కదిలేదాకా ఉన్నాడు. తమ్ముడూ, నీకు మీ అమ్మానాన్నల ఎదురుగానే థాంక్స్ చెప్పి వచ్చాను, ఇది రెండోసారి.

తోట ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఊతకర్రలు మాతోనే వచ్చేశాయి. సెలవు అయిపోయి వెళుతూ ఆ అబ్బాయే వాటిని తీసుకెళుతున్నాడు. వాటితోపాటు పలాస జీడిపప్పు, అత్తకు ఒక చీర, కాస్త మంచి చింతపండు పంపుతున్నాం.

ఒక్క విన్నపం. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి వైపు నుంచి అస్సాం తోటలకు వెళ్ళినవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే, పాత ఉత్తరమో మనియార్డరు రసీదో దొరికితే, ఇంటిపేరు, ఊరు, తోట పేరు నాకు రాసి పంపండి. అత్త ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. చదివి వినిపిస్తే చుట్టుపక్కల లైన్లలో అడిగి చెబుతానంది.